నీడలో రంగులు చూసిన బెర్త్ మొరిసో

మధ్యాహ్నం మూడింటికి బట్టలు తీయడానికి డాబా మీదికి వెళ్తే, ఆరేసిన తెల్లపంచె మీద పక్కింటి కొబ్బరాకుల నీడ పడుతూ ఉంటుంది. ఆ నీడ ఏ రంగులో ఉంటుందని ఎవరైనా అడిగితే ఏం చెబుతాం? నలుపు అంటాం. మహా అయితే బూడిదరంగు అంటాం. నలభై ఆరేళ్లు వచ్చేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

పెళ్లికి ముందు మా వీధి చివర డ్రాయింగు మాస్టారి దగ్గర రెండేళ్లు బొమ్మలు నేర్చుకున్నాను. పెళ్లయ్యాక కుంచెలు ట్రంకుపెట్టెలోకి వెళ్లిపోయాయి. ఎవరూ వద్దనలేదు. అసలా మాటే ఎవరూ ఎత్తలేదు, నాతో సహా. మా అబ్బాయి హాస్టలుకి వెళ్లాక, ఇరవై రెండేళ్లకి ఆ పెట్టె తెరిచాను. కుంచెలు ఎండి పుల్లల్లా అయిపోయాయి. కొత్తవి కొనుక్కుని ఓ ఆదివారం పొద్దున్నే గోదావరి గట్టుకి వెళ్లి కూర్చున్నాను. రావిచెట్టు వేశాను, మెట్లు వేశాను, నీళ్లు వేశాను. చెట్టు నీడ దగ్గరికొచ్చేసరికి నల్లరంగు ట్యూబు పిండాను. అంతే! బొమ్మంతా చచ్చిపోయింది. నేలమీద బొగ్గు పోసినట్టుంది తప్ప నీడలా లేదు. పైగా నేను మొదలుపెట్టినప్పుడు మెట్ల దాకా సాగిన నీడ, పూర్తిచేసేసరికి చెట్టు మొదట్లోకి వచ్చేసింది!

ఇక ఇది మనవల్ల కాదులే అని లేచి వచ్చేశాను. ఆ వారంలోనే ఓ స్నేహితురాలు బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చింది. తిరగేస్తుంటే ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఊరి బయట ఆరుబయలు. దూరంగా ఫ్యాక్టరీ గొట్టాలు. ముందు దండేల మీద బట్టలు ఆరేస్తున్న ఆడవాళ్లు. అసలు బొమ్మ జానెడున్నర ఎత్తు కూడా ఉండదట. 1875లో వేసింది. వేసినావిడ పేరు బెర్త్ మొరిసో. ఆ తెల్లబట్టల్లో ఎక్కడా నలుపు లేదు. మడతల్లో నీలం, లేత ఊదా, అక్కడక్కడా గులాబీ ఛాయ. అయినా చూడగానే అవి ఎండలో ఆరుతున్న తెల్లబట్టలే!

మన పని, మన దండెం, మన బట్టలు. వాటిని ఇంత శ్రద్ధగా చూసిన ఈవిడ ఎవరు? అప్పట్నుంచీ ఆవిడ గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. చదివినకొద్దీ నా ట్రంకుపెట్టే గుర్తుకొచ్చింది.

గురువుగారి హెచ్చరిక

బెర్త్ 1841 జనవరి 14న ఫ్రాన్సులోని బూర్జ్ పట్నంలో పుట్టింది. తండ్రి ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి. ఈవ్, ఎడ్మా అని ఇద్దరు అక్కలు, ఓ తమ్ముడు. 1852లో కుటుంబం పారిస్ చేరింది. పాసీ అనే పేటలో కాపురం. కలిగిన ఇల్లు. ఆ రోజుల్లో అలాంటి ఇళ్ల ఆడపిల్లలకి కాస్త పియానో, కాస్త కుట్టుపని, కాస్త బొమ్మలు నేర్పించడం మామూలే. మన దగ్గర సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయికి సంగీతం వచ్చా అని అడిగేవారు చూడండి, అలాంటిదే!

1857లో తల్లి ముగ్గురు పిల్లల్నీ డ్రాయింగు పాఠాలకి పంపింది. పెద్దమ్మాయి ఈవ్ త్వరలోనే మానేసింది. ఎడ్మా, బెర్త్ మాత్రం వదల్లేదు. తర్వాత వచ్చిన గురువు జోసెఫ్ గిషార్. కొన్నాళ్లు పాఠం చెప్పాక ఆయన తల్లిని హెచ్చరించాడు. మీ పిల్లలకున్న తెలివితేటలకి నా చదువు తోడైతే కాలక్షేపంతో ఆగరు, నిజం చిత్రకారిణులైపోతారు, మీలాంటి కుటుంబంలో అది పెద్ద ఉత్పాతమే, ఆలోచించుకోండి అన్నది ఆ హెచ్చరిక సారాంశం. తల్లి భయపడలేదు. పాఠాలు కొనసాగించమంది. ఆ ఒక్క నిర్ణయం కోసం ఆ తల్లికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

ప్రభుత్వ కళాశాలలో చేరదామంటే అక్కడ ఆడపిల్లలకి ప్రవేశం లేదు. 1897లో గానీ ఆ తలుపులు తెరుచుకోలేదు. అందుకని అక్కచెల్లెళ్లిద్దరూ 1858 నుంచి లూవ్ర్ మ్యూజియానికి వెళ్లి పాత మహానుభావుల చిత్రాలు చూసి వేసేవారు. ఒంటరిగా కాదు సుమండీ! పెద్దవాళ్లెవరో ఒకరు తోడుండాల్సిందే.

ఆరుబయట పాఠం

మ్యూజియం గోడల మధ్య వేసింది చాలనిపించింది వాళ్లకి. బయట చెట్లు, చేలు, నీళ్లు చూసి అక్కడే కూర్చుని వేయాలని పట్టుబట్టారు. గిషార్ వాళ్లని కామిల్ కొరో అనే పెద్దాయనకి అప్పగించాడు. ప్రకృతి దృశ్యాలు వేయడంలో ఫ్రాన్సులో అప్పటికి ఆయన పెట్టింది పేరు. 1861 వేసవిలో కుటుంబమంతా ఆయనుండే విల్ దావ్రే ఊళ్లో ఇల్లు అద్దెకి తీసుకుంది, ఈ పిల్లల కోసమే! 

కొరోకి పొద్దుటి నీరెండన్నా, సాయంత్రపు మసక వెలుతురన్నా ఇష్టం. ఆయన దగ్గర ఉన్న అసలు విద్య, రంగుకంటే ముందు వెలుగునీడల తేడా పట్టుకోవడం. ఎదురుగా ఉన్న దృశ్యంలో అన్నిటికంటే చీకటైన చోటేది? అన్నిటికంటే వెలుగైన చోటేది? మధ్యలో ఎన్ని మెట్లున్నాయి? ఆ మెట్లు సరిగ్గా కుదిరితే బొమ్మలో గాలి ఆడుతుంది, దూరం కనిపిస్తుంది. మనం కళ్లు సగం మూసి చూస్తే ఆకులూ కొమ్మలూ చెరిగిపోయి ఆ మెట్లే మిగులుతాయి. కావాలంటే ఇప్పుడే కిటికీలోంచి చూడండి.

ఇక్కడో సంగతి చెప్పుకోవాలి. ఇప్పుడు మనం దుకాణంలో కొనే రంగు ట్యూబు ఉంది చూశారా, దాన్ని జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు కనిపెట్టింది బెర్త్ పుట్టిన 1841లోనే. అంతకుముందు నూరిన రంగుల్ని పందుల మూత్రాశయాల తిత్తుల్లో కట్టుకుని తిరిగేవారు. అవి చిరిగిపోయేవి, ఎండిపోయేవి. తగరపు ట్యూబులొచ్చాకే రంగులు సంచీలో వేసుకుని పొలంగట్టుకి పోవడం తేలికైంది. బెర్త్ తరం వాళ్ల ఆరుబయట చిత్రాల వెనక ఆ చిన్న ట్యూబు మహిమ చాలా ఉంది.

1864లో బెర్త్ వేసిన రెండు ప్రకృతి దృశ్యాలు సలోన్‌కి ఎంపికయ్యాయి. సలోన్ అంటే ప్రభుత్వం ఆధ్వర్యంలో జరిగే పెద్ద ప్రదర్శన. అప్పటికి ఆమెకి ఇరవై మూడేళ్లు. ఎడ్మా చిత్రాలు కూడా సలోన్‌లో ప్రదర్శించారు. తండ్రి ఇంటి తోటలోనే వాళ్లిద్దరికీ ఓ స్టూడియో గది కట్టించాడు. అక్కచెల్లెళ్లు పక్కపక్కనే నిలబడి వేసుకునేవారు. ఎడ్మా ఆ రోజుల్లో చెల్లెలి బొమ్మ ఒకటి వేసింది. కుంచె పట్టుకుని కాన్వాసు ముందు నిలబడ్డ బెర్త్. ఆ చూపులోని ఏకాగ్రత చూస్తే, వేసిన ఎడ్మా చెయ్యి కూడా ఎంత గట్టిదో తెలిసిపోతుంది.

అక్క ఆగిపోయింది

1869లో ఎడ్మాకి పెళ్లయింది. వరుడు అడోల్ఫ్ పోంతియోం, నౌకాదళంలో ఆఫీసరు. కాపురం లోరియాన్ అనే రేవు పట్నంలో. పన్నెండేళ్లు పక్కపక్కన వేసిన అక్కచెల్లెళ్లు విడిపోయారు. ఎడ్మా కుంచె దాదాపుగా పక్కన పెట్టేసింది. మనసింకా పాసీలోని ఆ స్టూడియోలోనే తిరుగుతోందని చెల్లెలికి ఉత్తరాలు రాసేది. భర్త చెడ్డవాడని ఎక్కడా లేదు. ఇల్లు, ఊరు, కొత్త బాధ్యతలు. అంతే. 

ఇది చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు కదా!

ఆ వేసవిలోనే బెర్త్ అక్కని చూడ్డానికి లోరియాన్ వెళ్లింది. అక్కడ రేవు గట్టుమీద ఎడ్మాని కూర్చోబెట్టి వేసిన చిత్రం ఇప్పుడు అమెరికాలో, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. బొమ్మలో సగానికి పైగా నీళ్లూ ఆకాశమే. ఓడల ప్రతిబింబాలు నీళ్లలో వణుకుతున్నాయి. కుడిపక్క రాతిగోడ మీద తెల్ల దుస్తుల్లో, గొడుగు పట్టుకుని ఎడ్మా. ఒకప్పుడు పక్కన నిలబడి వేసిన మనిషి, ఇప్పుడు ఎదురుగా కూర్చుని వేయించుకుంటోంది. ఆ తెల్లటి దుస్తుల నీడపట్టు భాగం చూడండి. నలుపు కాదు. ఆకాశమూ నీళ్లూ కలిసి దానికి రంగు పూశాయి.

నీడలో అలా రంగు ఎందుకు కనిపిస్తుంది? ఎండ తగిలే చోట సూర్యుడి వెలుగు నేరుగా పడుతుంది. నీడపట్టు నుంచి సూర్యుడు కనపడడు గానీ ఆకాశం కనపడుతూనే ఉంటుంది. ఆ నీలాకాశం వెలుగే నీడని నింపుతుంది. అందుకే నిర్మలమైన ఎండలో తెల్లబట్ట మీద, సున్నం గోడ మీద నీడ నీలంగా ఉంటుంది. పక్కనే పచ్చగడ్డి ఉంటే ఆ పచ్చదనమూ పైకి తన్నుతుంది. ఎర్రమట్టి ఉంటే ఆ ఎరుపూ చేరుతుంది. పైగా పక్కనున్న ఎండ కాస్త పసుపుగా ఉంటే, మన కన్ను నీడని మరింత నీలంగా, ఊదాగా చూస్తుంది. ఇది మనకి కొత్తేం కాదు. తెల్లబట్టలు వాడగా వాడగా పసుపుపచ్చగా తిరిగితే చివరి జాడింపులో నీలిమందు వేయడం మన అమ్మలకి తెలుసు. పసుపుని నీలం అణిచేస్తుంది, తెలుపు తళతళలాడుతుంది. బెర్త్ కాన్వాసు మీద చేసిందీ ఇంచుమించు అదే!

వెక్కిరింతల మధ్య

1868లో లూవ్ర్‌లో బెర్త్‌కి ఎడ్వార్ మానే పరిచయమయ్యాడు. అప్పటికే పేరూ, అపకీర్తీ రెండూ ఉన్న చిత్రకారుడు. ఆమెని కూర్చోబెట్టి ఎన్నో చిత్రాలు వేశాడు. మంచి స్నేహితుడే. కానీ 1870లో ఓ పని చేశాడు. సలోన్‌కి పంపబోయే ముందు ఆమె వేసిన చిత్రం ఎలా ఉందో చూడమంటే, కుంచె తీసుకుని తల్లి బొమ్మని అంచు నుంచి మొదలెట్టి దాదాపు తిరగవేసేశాడు. ఆయనకది సరదా. ఆమెకి తలకొట్టేసినట్టయింది. కొన్నాళ్లు బాధపడింది. చివరికి చిత్రం సలోన్‌కి వెళ్లింది. చుట్టూ ఎంత గొప్పవాళ్లున్నా, నా బొమ్మ నేనే వేసుకోవాలని ఆమె ఆనాడే గట్టిగా అనుకుని ఉంటుంది.

ఆ ఏడే ప్రష్యాతో యుద్ధం. పారిస్ ముట్టడి. కుటుంబం ఊరు వదల్లేదు. తోటలోని స్టూడియోలో సైనికులు మకాం పెట్టారు. తిండికీ వెచ్చదనానికీ కరువు. బెర్త్ ఆరోగ్యం బాగా దెబ్బతింది. మళ్లీ కుంచె పట్టాక ఎడ్మా, ఎడ్మా పిల్లలు ఆమె బొమ్మల్లో తరచూ కనిపిస్తారు. 1872లో వేసిన 'ఊయల' చిత్రంలో నిద్రపోతున్న పసిపాపని చూస్తూ కూర్చున్నది ఎడ్మాయే. ఊయల మీది పల్చని తెరలోంచి వెలుగు ఎలా వడకట్టుకుని వస్తుందో చూడాలి. ఆ చిత్రం ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది.

1874 ఏప్రిల్ 15న పారిస్‌లో, నాదార్ అనే ఫోటోగ్రాఫరు ఖాళీ చేసిన స్టూడియోలో ఓ ప్రదర్శన మొదలైంది. క్లోద్ మోనే, రెన్వార్, దేగా, పిసారో, సిస్లే తదితరులు సలోన్‌ని కాదని సొంతంగా పెట్టుకున్నది. మానే వేరు, మోనే వేరు, గుర్తుంచుకోండి! మానే ఇందులో చేరలేదు, బెర్త్‌ని కూడా వద్దన్నాడు. ఆమె చేరింది. దాదాపు 30 మంది కళాకారుల్లో ఆడది ఆమె ఒక్కతే. మోనే వేసిన సూర్యోదయం బొమ్మ పేరు పట్టుకుని ఓ విమర్శకుడు వీళ్లకి వెటకారంగా తగిలించిన పేరే ఇంప్రెషనిస్టులు. పాత గురువు గిషార్ ప్రదర్శన చూసి గుండె బాదుకున్నాడు. అమ్మాయిని వెంటనే ఆ పిచ్చివాళ్లనుంచి తప్పించమని తల్లికి ఉత్తరం రాశాడు.

మరుసటి ఏడు, 1875 మార్చిలో వీళ్ల చిత్రాలు వేలం వేస్తే గొడవై పోలీసులు రావలసి వచ్చింది. ఎవరో బెర్త్‌ని అనకూడని మాట అంటే పిసారో వాణ్ణి కొట్టాడు. ఇంతా చేస్తే ఆ వేలంలో అందరికంటే ఎక్కువ ధర పలికింది బెర్త్ చిత్రమే! 480 ఫ్రాంకులు. 1876 ప్రదర్శనకి ఓ పెద్ద పత్రిక విమర్శకుడు, ఈ ఐదారుగురు పిచ్చివాళ్లలో ఒక ఆడది కూడా ఉందని రాశాడు. అది చదివి ఆమె భర్త ద్వంద్వయుద్ధానికి సిద్ధమైతే ఆపడం కష్టమైందట.

అవును, భర్త! 1874 వేసవిలో ఫేకాం అనే సముద్రతీరంలో బెర్త్, ఎడ్వార్ తమ్ముడు యూజీన్ మానే పక్కపక్కన ఈజిల్ వేసుకుని బొమ్మలు వేశారు. డిసెంబరు 22న పెళ్లయింది. ఆమెకప్పుడు ముప్పై మూడేళ్లు. ఆ రోజుల్లో అది బాగా ఆలస్యం కిందే లెక్క. కానీ యూజీన్ ఆమె పనికి అడ్డురాలేదు సరికదా, చాకిరీ చేశాడు. 1882లో ఆమె నీస్‌లో కూతురి దగ్గర ఉండిపోతే, ప్రదర్శనలో ఆమె చిత్రాలు తగిలించడానికి తానే పారిస్ వెళ్లాడు. 

ఎండ ఆగదు

పెళ్లయ్యాక 1875లో ఇద్దరూ ఇంగ్లండు పక్కనున్న ఐల్ ఆఫ్ వైట్ దీవికి వెళ్లారు. అక్కడి పాట్లన్నీ ఆమె ఎడ్మాకి రాసింది. పొలంలో ఈజిల్ వేస్తే యాభై మంది పిల్లలు చుట్టూ చేరి కేకలు. పడవలో కూర్చుంటే అంతా ఊగిపోతుంది. మీద ఎండ, ఎదురుగాలి. వేస్తుండగానే ఎదురుగా ఉన్న పడవలు చోటు మార్చేస్తాయి. గోదావరి గట్టున నా చుట్టూ చేరిన పిల్లల్ని తలుచుకుని నేను పడీపడీ నవ్వాను.

మరేం చేసింది? ఇంట్లో కిటికీ దగ్గర భర్తని కూర్చోబెట్టింది. కిటికీలోంచి తోట కంచె, దారిన పోయే తల్లీబిడ్డలు, అవతల రేవులో పడవలు. లోపల నీడపట్టు, బయట ఎండ. ఆ రెంటి మధ్య యూజీన్. అదీ చిత్రం! ఆయన కుదురుగా కూర్చోడని అక్కకి ఫిర్యాదు కూడా చేసింది.

మగ చిత్రకారులు కేఫుల్లో చేరి అర్ధరాత్రి దాకా వాదించుకునేవారు. మోనే తెల్లారకుండానే సముద్రం ఒడ్డున ఒక్కడే నిలబడగలడు. మర్యాదస్తుల ఇంటి ఆడదానికి అవేవీ కుదరవు. ఆమెకి దొరికినవి బాల్కనీ, పెరడు, పార్కు, చెరువులో పడవ, సెలవులకి వెళ్లిన ఊరు. వాటినే ఆమె ఎంతలా చూసిందంటే, అక్కడ పడే ఎండ ప్రతి గంటకీ ఎలా మారుతుందో ఆమె చేతికి తెలిసిపోయింది. 1879లో వేసిన 'వేసవి రోజు' లండన్ నేషనల్ గ్యాలరీ సొత్తు. పారిస్ బూలోన్ వనం చెరువులో, పడవలో ఇద్దరు ఆడవాళ్లు. నీళ్లమీది తళుకులన్నీ మెలికలు తిరిగిన కుంచె దెబ్బలే. దగ్గరికెళితే గీతలు, దూరం జరిగితే నీళ్లు!

ఆ దెబ్బలు చూసి విమర్శకులు బొమ్మ పూర్తికాలేదన్నారు. కానీ సూర్యుడు గంటకి 15 డిగ్రీలు జరిగిపోతాడు. మహా అయితే రెండు గంటల్లో ఆకు నీడ ముఖం మీంచి భుజం మీదికి దిగిపోతుంది. నున్నగా మెరుగులు దిద్దుతూ కూర్చుంటే, కాన్వాసు మీద ఓ మూల పొద్దుటి ఎండ, ఇంకో మూల మధ్యాహ్నపు నీడ తేలతాయి. అందుకే ఆ వేగం. ఆ వేగం తొందరపాటు కాదు, పదహారేళ్ల వయసు నుంచీ చేసిన సాధన.

1878 నవంబరు 14న కూతురు జూలీ పుట్టింది. మర్నాటి ఏడాది జరిగిన ప్రదర్శన ఒక్కటే బెర్త్ తప్పిపోయింది. మొత్తం 8 ఇంప్రెషనిస్టు ప్రదర్శనల్లో 7 ఆమెవి! ఆ తర్వాత బూజివాల్‌లో గడిపిన వేసవుల్లో జూలీ ఎక్కడుంటే అదే ఆమె స్టూడియో. తోటలో బెంచీ మీద తండ్రి, ఆయన ఒళ్లో పెట్టుకున్న బొమ్మలతో ఆడుకుంటున్న జూలీ. ఆకుల సందుల్లోంచి పడ్డ ఎండ పొడలు. పిల్లా ఆగదు, ఎండా ఆగదు. రెండూ తెలిసిన తల్లి చెయ్యి అది.

పారిస్‌లో వాళ్లు కట్టుకున్న ఇంట్లో ఆమెకి విడిగా స్టూడియో లేదు. ముందుగదిలోనే వేసుకునేది. ఎవరైనా వస్తే కాన్వాసులూ రంగులూ బీరువాలో సర్దేసేది. వాళ్లు వెళ్లాక మళ్లీ తీసేది. వంట చేస్తూ పుస్తకం చదివే మనకి ఇది కొత్తా?

చెర్రీ చెట్టు

1891లో మేజీ అనే పల్లెలో పెద్ద చిత్రం ఒకటి మొదలుపెట్టింది. తోటలో చెర్రీ చెట్టు. నిచ్చెనెక్కి పళ్లు కోస్తున్న జూలీ. కింద బుట్ట ఎత్తి పట్టుకున్న మేనకోడలు జానీ. దీనికోసం ఎన్ని స్కెచ్చులో, ఎన్ని వాటర్ కలర్లో! ఈలోగా పళ్ల కాలం అయిపోయింది. యూజీన్ జబ్బు ముదిరింది. తోటలో తీసుకున్న ఆ స్కెచ్చుల ఆసరాతో పారిస్‌లో చిత్రం పూర్తిచేసింది. ఆరుబయట వేయడమంటే అంతా అక్కడే ముగించాలని కాదు. అక్కడ చూసిన వెలుగుని ఇంటిదాకా పోగొట్టుకోకుండా తెచ్చుకోవడం.

1892 ఏప్రిల్‌లో యూజీన్ పోయాడు. ఆ మరుసటి నెలలోనే ఆమె చిత్రాలతో తొలిసారి విడిగా ప్రదర్శన జరిగింది. 1895లో జూలీకి జ్వరం తగిలితే సేవ చేస్తూ తానూ మంచం పట్టింది. మార్చి 2న కన్నుమూసింది. యాభై నాలుగేళ్లు. జూలీకి పదహారు.

ఆమె మరణ ధ్రువపత్రంలో వృత్తి దగ్గర ఏం రాశారో తెలుసా? ఏ వృత్తీ లేదని! పాసీ శ్మశానంలో రాతి మీద పేరు పక్కన యూజీన్ మానే వితంతువు అనే ఉంది. నలభై ఏళ్లకి దగ్గరగా పనిచేసిన మనిషి!

మరుసటి ఏడు 1896లో స్నేహితులు ఆమె చిత్రాలు దాదాపు 400 పోగుచేసి పారిస్‌లో ప్రదర్శన పెట్టారు. ఏది ఎక్కడ పెట్టాలో వాదించుకుంటూ వాటిని సర్దింది ఎవరనుకున్నారు? మోనే, దేగా, రెన్వార్, కవి మలార్మే! అయినా ఆ తర్వాత చాలాకాలం ఆమె పేరు మగవాళ్ల పేర్ల చివర్న, ఓ మాటగా వచ్చేది. 2013లో ఆమె చిత్రం ఒకటి లండన్ వేలంలో సుమారు కోటీ 9 లక్షల డాలర్లు పలికింది. అప్పటిదాకా ఏ మహిళా చిత్రకారిణి చిత్రానికీ వేలంలో అంత ధర రాలేదు. 2018, 2019ల్లో కెనడా, అమెరికా, ఫ్రాన్సుల్లో ఆమె చిత్రాలతో పెద్ద ప్రదర్శన తిరిగింది. 

మళ్లీ గట్టు మీదికి

అన్నీ చదివాక నేను మళ్లీ గట్టుకి వెళ్లాను. ఈసారి కొన్ని జాగ్రత్తలు తీసుకున్నాను. కాన్వాసు మీద ఎండ పడకుండా చెట్టు నీడలో కూర్చున్నాను. ఎండపడ్డ కాన్వాసు మీద వేసిన రంగులు ఇంటికొచ్చాక మసకగా కనిపిస్తాయి. ముందు నీడల హద్దులు గీసేసుకున్నాను. అవి కదిలినా సరే ఇక మార్చకూడదని ఒట్టు పెట్టుకున్నాను. గంటన్నర కాగానే లేచాను. మర్నాడు మళ్లీ అదే వేళకి వెళ్లాను. నల్లరంగు ట్యూబు ఇంట్లోనే వదిలేశాను. నీలం, కాస్త ఎరుపు, కాస్త మట్టిరంగు కలిపి నీడ వేశాను. గొప్పగా వచ్చిందని చెప్పను. కానీ ఈసారి అది నేలమీద పోసిన బొగ్గులా లేదు. దానికింద మెట్లున్నాయి, మెట్ల మీద తడి ఉంది.

బెర్త్ కథలో నన్ను వదలనిది ఎడ్మా. చెల్లెలికున్న చెయ్యే అక్కకీ ఉంది. గురువూ ఒకరే, గదీ ఒకటే. ఎడ్మా వేసినవాటిలో ఇవాళ మిగిలినవి కొద్దే. ఆమె వేసి ఉండాల్సిన రేవు, ఆమె చూసి ఉండాల్సిన ఎండ ఏమయ్యాయో ఎవరికీ తెలీదు. మన ఇళ్లలో ఇలాంటి ఎడ్మాలు ఎంతమంది! పాట ఆపేసినవాళ్లు, కథ ఆపేసినవాళ్లు, కుట్టు ఆపేసినవాళ్లు. మీ ఇంట్లో కూడా ఓ ట్రంకుపెట్టె ఉండే ఉంటుంది. 

ఈరోజు మధ్యాహ్నం బట్టలు తీయడానికి డాబా ఎక్కినప్పుడు ఒక్క నిమిషం ఆగండి. తెల్లబట్ట మీద పడ్డ నీడని కళ్లు సగం మూసి చూడండి. నీలం కనిపిస్తే, కిందికి దిగి ఆ పెట్టె తాళంచెవి వెతకండి.